కార్తీకం అయిపోయింది... మరి కోడి సంగతేంటి?



పోలి పాడ్యమి వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున్న మీ కాలనీలో చికెన్ షాపు ముందు ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. నెల రోజులు ఈగలు తోలుకున్న షాపు ముందు ఆ రోజు క్యూ రోడ్డు మీదికి వచ్చేస్తుంది. కార్తీకంలో దిగిన రేటు ఆ వారానికి మళ్లీ లేస్తుంది. నెల బాకీ అంతా ఒక్క పూటలో వసూలు చేసుకుంటున్నట్టు ఉంటుంది.

ఆ క్యూలోంచే మా మేనల్లుడు నాకు ఫోన్ చేశాడు. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు.

"మామయ్యా, నెల రోజులు నిష్ఠగా ఉన్నాను. సోమవారాలు ఉపవాసం చేశాను, దీపాలు పెట్టాను. ఇప్పుడు లైన్లో నిలబడ్డాను. ఎదురుగా గంపలో కోళ్లున్నాయి. నా ముందు ఆయన కోసం ఒకదాన్ని తీశారు, మిగతావి చూస్తున్నాయి. నెల రోజులు నేను చేసింది అసలు దేనికి?"

నవ్వుతూనే అడిగాడు. కానీ అది నవ్వేసి వదిలేసే ప్రశ్న కాదు. అందుకే ఈ వారం పాఠం దాని మీదే పెట్టుకుందాం. చికెన్ మానేయాలా? మానక్కర్లేదా? తగ్గించాలా? తగ్గిస్తే ఎవరి కోసం? కోడి కోసమా, భూమి కోసమా, మన పుణ్యం కోసమా?

ముందే ఒక మాట. నేను పుట్టింది ఆదివారం కోడికూర లేకపోతే పొయ్యి వెలగనట్టు భావించే ఇంట్లో. ఇప్పుడు బాగా తగ్గించాను కానీ, పూర్తిగా మానలేదు. మా బాబాయి షాద్‌నగర్ వైపు బ్రాయిలర్ కోళ్ల షెడ్డు నడుపుతాడు. కాబట్టి ఇది పైన కూర్చుని చెప్పే ఉపదేశం కాదు. మనందరం కలిసి వేసుకోవాల్సిన లెక్క.

మాంసం కొట్టు దగ్గర దొరికిన ధర్మం

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు ఒక కథ చెబుతాడు. మీలో చాలామందికి తెలిసిందే.

కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే పైనుంచి ఒక కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంగా చూశాడు. కొంగ కాలి కింద పడి చచ్చిపోయింది. తర్వాత ఆయన భిక్షకు ఒక ఇంటికి వెళితే ఆ ఇల్లాలు భర్తకు వడ్డిస్తూ కాస్త ఆలస్యం చేసింది. ఈయనకు మళ్లీ కోపం వచ్చింది. ఆమె భయపడలేదు. తాను ఆ కొంగ లాంటిదాన్ని కానని గుర్తుచేసి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్లి ధర్మవ్యాధుణ్ణి అడగమంది.

వెళ్లి చూస్తే ఆ ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతున్నాడు! ఆయన తాను చంపడు, ఇతరులు చంపి తెచ్చినది అమ్ముతాడు. తాను తినడు. ముసలి తల్లిదండ్రులను దేవుళ్లలా చూసుకుంటాడు. ఈ పని ఘోరంగా ఉంది కదా అని కౌశికుడు అడిగితే ఆయన దాన్ని కప్పిపుచ్చుకోలేదు. హింస ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత చెప్పిందే మనకు ఈ రోజు కావాలి. నాగలి దున్నితే నేలలో ఎన్నో ప్రాణులు చస్తాయి. నడిస్తే పాదాల కింద చస్తాయి. గింజలోనూ జీవం ఉంది. అహింసనే వ్రతంగా పెట్టుకున్న యతుల చేత కూడా ఎంతో కొంత హింస జరుగుతూనే ఉంటుంది. కానీ వాళ్లు గట్టిగా ప్రయత్నిస్తారు కాబట్టి అది తగ్గుతుంది.

చూశారా! సున్నా అవుతుందని ఆయన అనలేదు, తగ్గుతుందన్నాడు. అదీ దానంతట అది తగ్గదు, ప్రయత్నం చేస్తేనే తగ్గుతుంది.

ఈ మాటను తప్పుగా పట్టుకునే దారులు రెండున్నాయి. "వడ్లు పండించినా పురుగులు చస్తాయిగా, ఇంక కోడి తింటే ఏంటి?" అని వాదించి ఉన్న హింసను పెంచుకోవడం ఒకటి. "నేను తినను కాబట్టి నేను పవిత్రుణ్ణి, ఆ షాపువాడు పాపి" అనుకోవడం రెండోది. ధర్మవ్యాధుడు రెండింటినీ ఒప్పుకోడు. వేదం చదివి కొంగను కాల్చినవాడు శిష్యుడయ్యాడు, మాంసం కొట్టువాడు గురువయ్యాడు. అదే భారతంలో అనుశాసనపర్వానికి వస్తే, భీష్ముడు హింసలో భాగాన్ని కోసేవాడొక్కడి మీదే పెట్టడు. కొనేవాడికీ, తినేవాడికీ కూడా పంచుతాడు. అంటే కత్తి షాపులో ఉన్నా, ఆర్డర్ మన ఫోన్‌లోంచే వెళుతోంది.

సరే. తగ్గించాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి కదా. అది చూద్దాం.

ఒక బ్రాయిలర్ కోడి బతుకు

మనం తినే బ్రాయిలర్ కోడి వయసు ఎంతో తెలుసా? దాదాపు ఐదు నుంచి ఆరు వారాలు. అప్పటికే రెండు కిలోలు దాటుతుంది. కోడి సహజంగా బతికితే ఐదారేళ్లకు పైగా బతకగలదు. అంటే మన పళ్లెంలోకి వచ్చేది పెద్ద ఒళ్లున్న పసిపిల్ల.

ఇంత తొందరగా ఎలా పెరుగుతుంది? "హార్మోన్ ఇంజెక్షన్లు" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నిజం అది కాదు. తరాల తరబడి వేగంగా పెరిగే కోళ్లనే ఎంచి జత కట్టించడం అసలు కారణం. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి రకాన్నీ, 2005 నాటి రకాన్నీ ఒకే దాణా పెట్టి పక్కపక్కనే పెంచి 2014 లో ఫలితం ప్రచురించారు. 56 రోజులకు పాత రకం కోడి 905 గ్రాములు తూగింది. కొత్త రకం 4,202 గ్రాములు తూగింది. నాలుగున్నర రెట్లు! ఒళ్లు అంత వేగంగా పెరిగితే కాళ్లు, గుండె ఆ బరువును మోయలేక అవస్థ పడతాయి. చివరి రోజుల్లో కుంటుతూ, ఎక్కువసేపు కూర్చునే ఉండే కోళ్లు అందుకే కనిపిస్తాయి.

మా బాబాయి షెడ్డులో ఒక బ్యాచ్‌కి ఐదు వేల పిల్లలు వస్తాయి. కింద ఊక పరుస్తారు. మొదటి వారం బల్బుల కింద పసుపుపచ్చ ముద్దల్లా చూడముచ్చటగా ఉంటాయి. ఐదో వారానికి ఊక కనబడదు. ఒక్కో కోడికి సుమారు ఒక చదరపు అడుగు చోటు. లోపలికి అడుగుపెడితే అమ్మోనియా వాసనకు కళ్లు మండుతాయి. ఒక్కో బ్యాచ్‌లో నూటికి నాలుగైదు పిల్లలు మామూలుగానే దక్కవు. ఎండాకాలం వడదెబ్బ తగిలితే ఇంకా ఎక్కువ.

ఈ పాఠం రాస్తున్నానని చెబితే బాబాయి అన్నాడు: "ఒరేయ్, నన్ను రాక్షసుడిలా చూపించకు. పొద్దున్నే చచ్చిన పిల్లల్ని ఏరేటప్పుడు నాకూ పాపం అనిపిస్తది. కానీ షెడ్డు మీద అప్పు నాదే కదా."

ఈ మాటను మర్చిపోకండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాత ప్రయాణం. కాళ్లు కట్టి తలకిందులుగా స్కూటర్లకు వేలాడదీసిన కోళ్లను మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి అది మనకు మామూలైపోయింది. కబేళాల్లో ఒక జంతువును మిగతా జంతువుల కళ్లెదుట వధించకూడదని 2001 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. మా మేనల్లుడు క్యూలో చూసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

"అయితే చికెన్ మానేసి గుడ్లు తింటా" అంటారా? ఆగండి. గుడ్లు పెట్టే లేయర్ కోళ్లను మన దగ్గర ఎక్కువగా ఇనుప తీగల పంజరాల్లోనే పెంచుతారు. ఒక్కో కోడికి దొరికే చోటు సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. ఒక ఏ4 కాగితం తీసి టేబుల్ మీద పెట్టండి. అది 620 పైచిలుకు ఉంటుంది. అంటే ఆ కాగితం కంటే తక్కువ చోటు. రెక్క పూర్తిగా చాచలేదు, మట్టిలో పొర్లలేదు. లేయర్ జాతిలో పుట్టే మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికి లాభం కావు. అందుకే పుట్టిన రోజే వాటిని చంపేయడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. జర్మనీ దాన్ని 2022 నుంచి నిషేధించింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2022–23 లో దేశంలో పెట్టిన గుడ్లలో ఐదో వంతు అక్కడివే. మూడో స్థానం తెలంగాణది. మన చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. కదలడానికి వీలులేనంత చిన్న పంజరంలో జంతువును బంధించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. పంజరాల పద్ధతికి స్వస్తి చెప్పాలని లా కమిషన్ 2017 లో తన 269వ నివేదికలో సిఫారసు చేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2012 నుంచే పాతరకం పంజరాలు నిషేధం. మన దగ్గర మాత్రం ఆ కాగితం కంటే తక్కువ చోటే ఇంకా నడుస్తోంది.

భూమి లెక్క: ఇక్కడ ఒక మెలిక ఉంది

ఇప్పుడు పర్యావరణం. జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 119 దేశాల్లో దాదాపు 38,700 పొలాలు, ఫారాల సమాచారం కలిపి 2018 లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. ఆ ప్రపంచ సగటు లెక్కల ప్రకారం ఒక కిలో గొర్రె మాంసానికి దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు గాల్లో కలుస్తాయి. ఒక కిలో కోడి మాంసానికి సుమారు 10 కిలోలు. ఒక కిలో పప్పుధాన్యాలకు రెండు కిలోల లోపే.

ఇది చూసి చాలామంది ఏమంటారంటే, "మటన్ మానేసి చికెన్ తినండి, భూమికి మంచిది." వాయువుల వరకు చూస్తే అది నిజమే. కానీ ప్రాణాల వైపు నుంచి చూడండి. ఒక మేకపోతు నుంచి పది పన్నెండు కిలోల మాంసం వస్తుంది. ఒక బ్రాయిలర్ నుంచి కిలోన్నర లోపే. అంటే మటన్ నుంచి చికెన్‌కి మారిన ఇల్లు, ఒక మేక ప్రాణం బదులు ఎనిమిది తొమ్మిది కోళ్ల ప్రాణాలు తీసుకుంటోంది. అందులోనూ ఆరుబయట చెట్టూ పుట్టా మేసి పెరిగిన జీవి బదులు, షెడ్డు దాటి ఎండ చూడని జీవులు. భూమి మీద భారం తగ్గింది, ప్రాణుల మీద భారం పెరిగింది!

ఈ మెలిక తెలియకపోతే మన ప్రయత్నం పక్కదారి పడుతుంది. రెండు భారాలూ ఒకేసారి తగ్గే దారి ఒక్కటే. ఆ పూట పళ్లెంలోకి ఇంకో మాంసం కాకుండా పప్పు, శనగలు, పెసలు, బొబ్బర్లు రావాలి.

ఇంకో రెండు విషయాలు కూడా భూమి లెక్కలోవే. రెండు కిలోల కోడి పెరగడానికి మూడు కిలోల పైన దాణా కావాలి. అందులో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా చెక్క. సోయా కొరత వచ్చిన 2021 లో కోళ్ల దాణా కోసం కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మన ఆదివారం కూర వెనక ఎక్కడో ఒక పొలం, నీళ్లు, ఎరువులు ఉన్నాయి.

రెండోది రోగాలు. వేల కోళ్లు ఒకే చోట కిక్కిరిసి ఉంటే జబ్బు వచ్చిందంటే ఆగదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి, కోళ్లను వేల సంఖ్యలో పూడ్చిపెట్టడం మనందరం టీవీలో చూశాం. జబ్బు రాకుండా యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడితే ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు పుడతాయి. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు వాడకుండా 2019 లో కేంద్రం నిషేధించింది. ఐసీయూలో ఉన్న మన తాతయ్యకు పనిచేయాల్సిన మందు అది.

మన ఇంటి లెక్క

పెద్ద అంకెలు చెవికి వినపడతాయి కానీ మనసుకు ఎక్కవు. 2019 పశుగణనలో మన దేశంలో కోళ్లు తదితర పెంపుడు పక్షులు 85 కోట్లు అని చెబితే ఏం అర్థమవుతుంది? ఇంటి లెక్క వేద్దాం.

నలుగురున్న ఇల్లు. ఆదివారం కిలో, మధ్యలో బిర్యానీ, ఫ్రైడ్ పీసులు కలిపి ఇంకో అరకిలో. వారానికి కిలోన్నర. ఏడాదికి 78 కిలోలు. ఒక కోడికి కిలోన్నర లోపు మాంసం కాబట్టి ఏడాదికి సుమారు 55 కోళ్లు.

ఇప్పుడు ఈ ఇంట్లో కార్తీకం నిష్ఠగా పాటిస్తారనుకోండి. నాలుగున్నర కోళ్లు మిగులుతాయి. కానీ ముందు వారం "రేపటి నుంచి మానేయాలి కదా" అని రెండు కిలోలు, తర్వాతి వారం "నెలైంది కదా" అని రెండు కిలోలు తెస్తే ఆ మిగిలిన దాంట్లోంచి కూడా కొంత పోతుంది. శని, గురువారాలు మానేసి ఆ ముక్కలు శుక్రవారం తింటే మిగిలేది ఏమీ లేదు.

వ్రతం వృథా అని కాదు. నా ఉద్దేశం దానికి పూర్తిగా వ్యతిరేకం. వ్రతం ఇంద్రియ నిగ్రహానికి, ఈశ్వరుడి మీద మనసు నిలపడానికి. దాని ఫలం దానికి ఉంది. కానీ అది మనకు ఇంకో విషయం కూడా నిరూపించి చూపిస్తోంది. ముప్పై రోజులు చికెన్ లేకుండా మనం చక్కగా బతికాం. ఆఫీసుకు వెళ్లాం, జిమ్‌కి వెళ్లాం, నవ్వుకున్నాం. అంటే అది అవసరం కాదు, అలవాటు. ఆ తెలివి పోలి పాడ్యమి నాడు అరటిదొప్పలో దీపంతో పాటు నీళ్లలో వదిలేస్తున్నాం. అక్కడే ఉంది అసలు నష్టం.

ఆ ఇల్లే మామూలు వారాల్లో సగానికి తగ్గించి, పండక్కి, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం తింటే ఏడాదికి పాతిక కోళ్లకు పైగా తగ్గుతాయి. ఒక్క కార్తీకం కంటే ఐదు రెట్లు ఎక్కువ.

మీరు అడగబోయే ప్రశ్నలు

*"ప్రోటీన్ ఎలా?"* జిమ్‌కి వెళ్లేవాళ్ల మొదటి ప్రశ్న ఇదే. భారతీయ వైద్య పరిశోధన మండలి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 21, వేరుశనగలో 24, మీల్ మేకర్‌లో 50 గ్రాముల దాకా ఉంటుంది. అన్నం పప్పు కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి, అదీ కుదురుతుంది. పూర్తిగా మానేసేవాళ్లు మాత్రం బి12 సంగతి డాక్టర్‌ని అడిగి చూసుకోండి.

*"మరి పేద పిల్లలకు గుడ్డు పెట్టొద్దంటారా?"* అస్సలు అనను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. బడి భోజనంలో పిల్లకు దొరికే గుడ్డు ఆ పిల్లకు బలం. "తగ్గించు" అన్న మాట ఉన్నవాడు తనకు తాను చెప్పుకోవాల్సింది. లేనివాడి పళ్లెంలోకి చెయ్యి పెట్టడానికి కాదు.

*"మన అమ్మవార్లకు కోడి ఇస్తారు కదా, అది తప్పా?"* తెలంగాణలో, ఆంధ్రాలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది దాకా మాంసం తింటారని 2014 లో జనగణన శాఖ సర్వే చెప్పింది. వీళ్లందరూ ధర్మం తెలియనివాళ్లా? కాదు. తను వేటాడి తెచ్చిన మాంసాన్నే శివుడికి పెట్టిన తిన్నడిని శ్రీకాళహస్తిలో భక్త కన్నప్పగా పూజిస్తున్నాం. శివుడు చూసింది ప్రేమను. ఊరి జాతరలో ఏడాదికి ఒక పెరటికోడిని మొక్కు తీర్చే ఇంటిని చూపించి వేలెత్తే ముందు, ఏ మొక్కూ లేకుండా, ఏ దేవుడినీ తలుచుకోకుండా, సిరీస్ చూస్తూ తినేసే బకెట్ గురించి ఆలోచించాలి. తిన్నది గుర్తు కూడా ఉండని ఆ ముక్కల నుంచే తగ్గించడం మొదలుపెడదాం.

*"నాటుకోడి తింటే సరిపోతుందా?"* పెరట్లో తిరిగిన కోడి బతుకు ఖచ్చితంగా మెరుగు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలను పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. కొని పెంచే ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి. కానీ నిదానంగా పెరిగే కోడి ఎక్కువ రోజులు, ఎక్కువ మేత తింటుంది. దాణా కొని పెడితే కిలో మాంసానికి అయ్యే మేత బ్రాయిలర్ కంటే పెరుగుతుంది. కాబట్టి తిన్నంతా నాటుకోడే తింటానంటే భూమి లెక్క తప్పుతుంది. అదే డబ్బుకు తక్కువసార్లు, మంచిగా బతికిన కోడిని తినడం వేరే సంగతి. మంచిది కావాలంటే తక్కువ తినాలి. రెండూ కలిసే వస్తాయి.

*"మరి మీ బాబాయి?"* ఇది నాకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలి, అప్పు ఆయనవి. కిలోకు ఇంత అని పెంపకం కూలి వస్తుంది. మనమంతా రేపు మానేస్తే మొదట నష్టపోయేది కంపెనీ కాదు, ఆయన. ఎవరికీ నష్టం ఉండదని నేను మీకు చెప్పలేను. కానీ అలవాట్లు ఒక్క రాత్రిలో మారవు, ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో తక్కువ కోళ్లను ఎక్కువ చోటులో పెంచి, కోడికి ఎక్కువ ధర వచ్చే దారి ఉంటే తనకూ అదే ఇష్టమని బాబాయే అన్నాడు. అలా పెంచిన కోడికి రెండు రూపాయలు ఎక్కువ పెట్టడానికి కొనేవాళ్లం మనం సిద్ధంగా ఉండాలి. చవగ్గా కావాలి, వారానికి మూడుసార్లు కావాలి, కోడి సుఖంగా కూడా ఉండాలి అంటే కుదరదు.

ఈ నెల సాధన

ఒక నెల రోజులు ఇవి చేసి చూడండి.

1. ఇంట్లో క్యాలెండర్ మీద చికెన్ తిన్న ప్రతి రోజూ ఒక చుక్క పెట్టండి. బయట తిన్నది, ఆర్డర్ పెట్టింది కూడా. నెలాఖరున లెక్కపెట్టి, ఎన్ని కోళ్లో వేయండి. తగ్గించడం తర్వాత, ముందు తెలుసుకోండి.

2. తిన్నట్టు గుర్తు కూడా లేని పూటలేవో వాటి మీద గీత కొట్టండి. వాటినే ముందు మానండి. ఆ పూట మటన్, చేప, గుడ్డు కాకుండా శనగల కూరో, మామిడికాయ పప్పో, మీల్ మేకర్ వేపుడో పెట్టండి.

3. తినే రోజున ఫోన్ పక్కన పెట్టి, అందరూ కలిసి కూర్చుని, ఒక్క క్షణం ఆ ప్రాణిని తలుచుకుని తినండి. వండిందాంట్లో ఒక్క ముక్క పారేయకండి. పారేసిన ముక్క ఎవరి ఆకలీ తీర్చని హింస.

4. మీరు కొనే చోట అడగండి. పంజరం లేని గుడ్లున్నాయా అని, కోడిని తెర వెనక కోస్తారా అని. ఒక్కరు అడిగితే వింతగా చూస్తారు, ఇరవై మంది అడిగితే తెర కడతారు. ఆ షాపు ఆయనతో మర్యాదగా మాట్లాడండి. ధర్మవ్యాధుడి కొట్టు కూడా అలాంటిదే.

5. మీ ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు క్లాసు పీకకండి. మీ చుక్కలు మీరు లెక్కపెట్టుకోండి. కొంగను కాల్చిన కోపం అహింస పేరుతో కూడా రావచ్చు.

చివరి మాట

మేనల్లుడికి ఆ రోజు ఫోన్‌లో ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. "ఇంటికి వెళ్లాక మాట్లాడదాం రా" అన్నాను. వాడు ఆ రోజు కొన్నాడు. కిలోన్నర అడగబోయి ముప్పావు కిలో తీసుకున్నాడట. మా అక్క దాంట్లో బంగాళాదుంపలు వేసి వండింది. ఎవరికీ తేడా తెలియలేదని సాయంత్రం మెసేజ్ పెట్టాడు.

ముప్పావు కిలో అంటే అర కోడి. చాలా చిన్న లెక్క. కానీ నెల రోజుల వ్రతం వాడి చేత క్యూలో ఆ ప్రశ్న అడిగించింది, ఆ ప్రశ్న అర కోడిని తగ్గించింది. మిథిలలో మాంసం కొట్టు ముందు నిలబడి కౌశికుడు నేర్చుకున్నది కూడా ఇంతే కదా. హింస లేని చోటు ఎక్కడా లేదు. ప్రయత్నం ఉన్న చోట మాత్రం అది తగ్గుతుంది.

మీ క్యాలెండర్ మీద నెలాఖరుకు ఎన్ని చుక్కలు వచ్చాయో నిజాయితీగా చూసుకోండి. నేనూ నాది మొదలుపెట్టాను. వచ్చే నెల మళ్లీ ఈ లెక్క దగ్గరే కలుద్దాం.